పదిహేడో నంబరు ఏప్రాన్

ఆ రోజుకు లైటమ్మ నాలుగు పనులు పెట్టుకుంది. ఎనిమిదింటికి ప్రయోగశాలకు చేరడం, రెండు సీసాలు నింపడం, మూడింటికి కమిటీ ముందు రెండు తోలు ముక్కల్ని సబ్బుతో కడిగి చూపించడం, ఆరింటికి ఇల్లు చేరడం. వీటిలో మొదటి రెండే అనుకున్నట్టు జరిగాయి.

లైటమ్మ అన్నది ఆమె పేరు కాదు. అతినీలలోహిత కాంతి వేసే టార్చి ఒకటి నాలుగేళ్లుగా ఆమె జేబులో ఉంటోంది కాబట్టి ప్రయోగశాల వాళ్లు అలా పిలిచారు. తరువాత ఇంట్లోవాళ్లూ అలాగే పిలిచారు. ఆమె చేసేది నానో రేణువులు. ఒక్కొక్కటి వెంట్రుక మందంలో వెయ్యో వంతు ఉంటుంది. లోపల ఇసుకలో ఉండే సిలికా, పైన పాలిమర్ పొర. రెండు జాతుల పదార్థం కాబట్టి హైబ్రిడ్ అంటారు. పై పొర జీవకణానికీ, తోలుకూ, నూలుకూ వదలకుండా అంటుకుంటుంది. లోపల మందు పడుతుంది. సిలికాకు కట్టేసిన రంగు, టార్చి వేస్తే నారింజ రంగులో వెలిగి, మందు ఎక్కడిదాకా చేరిందో చెబుతుంది. ఆ రంగు రేణువులోంచి ఊడి బయటికి వచ్చేస్తే మాత్రం వైద్యుడు చూసే వెలుగు ఒకచోట, మందు ఇంకోచోట ఉంటాయి.

రంగు ఊడదని లైటమ్మ అంటోంది. ఊడుతుందని శాఖాధిపతి అంటున్నారు. "వెలుగు రేణువులది కాదు. పక్కన తేలుతున్న విడి రంగుది. కడిగితే పోతుంది" అని ఆయన తన నివేదికలో రాశారు. కమిటీ అంటే ఇద్దరే. ఒకరు ఆయన, రెండోవారు బయటి నుంచి వచ్చే పరీక్షకురాలు. మూడింటికి ఆ మాట నిలబడితే నాలుగేళ్ల పని ఆగిపోతుంది, బల్ల వేరేవాళ్లకు వెళుతుంది.

లైటమ్మ ఇంటి కింది భాగంలో అత్తగారి లాండ్రీ. ముప్పై ఏళ్లుగా ఆమే నడుపుతోంది. పొద్దున్నే ఇద్దరూ మెట్ల మీద కూర్చుని టీ తాగుతున్నారు.

"కడిగితే పోని రంగంటూ ఉండదు అమ్మాయ్," అంది అత్తగారు. "నా దగ్గరికొచ్చేవాళ్లంతా ఇది పోదు, ఇది పోదు అంటూనే వస్తారు. మూడో రోజు నవ్వుకుంటూ తీసుకెళ్తారు."

"నాది పోదత్తయ్యా."

"మీ పెద్దాయన పోతుందనేగా రాశాడు?"

"ఆయన కడిగి చూడలేదు. ఊరికే రాశాడు."

"పోయిందే అనుకో. రేపట్నుంచి ఇస్త్రీ బల్ల దగ్గరికొచ్చెయ్. నా నడుము పని చెయ్యనంటోంది."

"పోకపోతే?"

"పోకపోతే నీ దగ్గర ఇస్త్రీ బల్ల మాటెత్తను," అని అత్తగారు గ్లాసు కింద పెట్టింది. "కానీ పోతుంది."

ఎనిమిదింటికి లైటమ్మ ప్రయోగశాల తలుపు తీసింది. రేణువుల ద్రవం పోసిన పొర సంచి మూడు రోజులుగా నీళ్లలో నానుతోంది. ఆ పొరలోంచి విడి రంగు బయటికి పోతుంది, రేణువులు పోవు. ఇప్పటికి ఆరుసార్లు నీళ్లు మార్చింది. ఆరోసారి నీళ్ల మీద టార్చి వేస్తే ఏమీ వెలగలేదు. పోయిన వారం ఇంకో విడత ద్రవంతో ఇదే సంగతి శాఖాధిపతికి చూపించినప్పుడు ఆయన, టార్చిలో బ్యాటరీ అయిపోయి ఉంటుందన్నారు.

ఆమె ఒక సీసాలో రేణువుల ద్రవం, ఇంకో సీసాలో అదే రంగు కలిపిన నీళ్లు పోసింది. చూపుకు రెండూ ఒకటే. మొదటిదాని మీద ఒకటి అంకె, రెండోదాని మీద రెండు అంకె వేసింది. ఏ అంకె దేనిదో తన పుస్తకంలో రాసి సొరుగులో పెట్టి తాళం వేసింది. ఫలితం తేలేదాకా ఏది ఏదో చూసేవాళ్లకు తెలియకూడదని ఆ శాలలో నియమం. మూతలు బిగించి, తోలు ముక్కల కోసం స్టోర్సుకు వెళ్లింది.

తొమ్మిదికి పది నిమిషాలుండగా తిరిగొచ్చేసరికి ఒకటో సీసా మూత సగమే బిగించి ఉంది. బల్ల మీద మూడు చుక్కలున్నాయి. టార్చి వేసింది. నారింజ. గుడ్డతో తుడిచి, మళ్లీ టార్చి వేసి చూసి, గుడ్డను మూత ఉన్న డబ్బాలో పడేసింది. అక్కడితో ఆగిపోయి ఉంటే సరిపోయేది.

తలుపు పక్కన దారానికి ఒక పుస్తకం వేలాడుతుంటుంది. అట్ట మీద 'ఒలికినవి' అని ఉంటుంది. పదకొండేళ్ల కిందట వేలాడదీశారు. ఈ పదకొండేళ్లలో ఆ శాలలో ఒలకనిది లేదు, ఆ పుస్తకంలో రాసినవాడు లేడు. లైటమ్మ పెన్ను తీసింది. 'ఏం ఒలికింది' అన్న గడిలో 'నానో రేణువులు, మూడు చుక్కలు' అని రాసింది. 'ఎవరు ఒలికించారు' అన్న గడిలో 'తెలియదు' అని రాసింది. 'శుభ్రం చేశారా' అన్న గడిలో 'చేశాను' అని రాసింది.

భద్రతాధికారి ఉద్యోగంలో చేరి ఏడు నెలలైంది. రోజూ తొమ్మిదింబావుకు వచ్చి ఆ పుస్తకం తెరవడం, ఖాళీ పేజీ కింద 'చూశాను' అని సంతకం పెట్టడం అతని విధి. ఆ రోజు పేజీ ఖాళీగా లేదు. అతను రెండుసార్లు చదివాడు. తరువాత రెండు చేతులకూ తొడుగులు వేసుకున్నాడు.

"మేడమ్, మూడు చుక్కలేనా?"

"మూడే. తుడిచేశాను."

"చుక్కకెన్ని రేణువులుంటాయి?"

తెలియదని చెప్పవచ్చు. లైటమ్మకు తెలుసు. "పదివేల కోట్లు ఉండొచ్చు," అంది.

"అంటే ముప్పైవేల కోట్ల రేణువులు బయటపడ్డాయి."

"బయటపడటమేంటండీ? గుడ్డకంటుకున్నాయి. గుడ్డ డబ్బాలో ఉంది."

"అన్నీ ఉన్నాయా? లెక్కపెట్టారా?"

లెక్కపెట్టలేదన్నట్టు లైటమ్మ తల అడ్డంగా ఊపింది. అతను దాన్ని కూడా రాసుకున్నాడు. ఆమె టార్చి అడిగి తీసుకుని, కిటికీ తెర లాగి, మొదట ఆమె ఏప్రాన్ మీదే వేశాడు. ఏప్రాన్ మొత్తం నీలంగా వెలిగింది.

"అమ్మో!"

"అది నాది కాదు. నాది నారింజ. ఇది నీలం. తెల్లబట్ట ఏదైనా ఇలాగే వెలుగుతుంది."

"రంగు మార్చుకుని ఉంటాయి."

"ఎందుకు మార్చుకుంటాయి?"

"హైబ్రిడ్ అని మీరే అన్నారుగా మేడమ్."

అతను ఆగలేదు. గోడకు తగిలించిన ఏప్రాన్లు వెలిగాయి. బల్ల మీది కాగితాలు వెలిగాయి. తన చొక్కా కాలరు వెలిగింది. చేతులు కడిగే తొట్టి పైనున్న అద్దంలో తన పళ్లు కూడా కొద్దిగా వెలగడం చూసి అతను నోరు మూసుకున్నాడు. తరువాతి పావుగంట ఆజ్ఞలన్నీ రాసి చూపించాడు. రాసిన కాగితాలు కూడా వెలుగుతున్నాయని తెలిశాక మళ్లీ మాట్లాడాడు.

పదింటికి మూడంతస్తులూ తిరిగి నలభై ఆరు ఏప్రాన్లు పోగు చేశాడు. నలభై ఆరో దాని కోసం శాఖాధిపతి గదికి వెళ్లేసరికి ఆయన బల్ల వెనక నిలబడి ఉన్నారు. కుడి చెయ్యి ఏప్రాన్ జేబులో ఉంది.

"మీ మీద కూడా ఒకసారి వెయ్యనా సార్, టార్చి?"

"అవసరం లేదు," అన్నారాయన. ఏప్రాన్‌ను ఎడం చేత్తోనే విప్పి ఇచ్చారు. కుడి చెయ్యి ఏప్రాన్ జేబులోంచి వచ్చి ప్యాంటు జేబులోకి వెళ్లింది.

ఏప్రాన్లు మూడు సంచుల్లో లాండ్రీకి వెళ్లాయి. ఆ సంస్థ బట్టలు పన్నెండేళ్లుగా ఉతుకుతున్నది లైటమ్మ అత్తగారే. సంచులకు చీటీ కట్టి ఉంది. 'ప్రమాదం. వేడినీళ్లలో రెండుసార్లు. అర్జెంటు.' అత్తగారు చీటీ చదివి, రోజూ వాడే పొడి పక్కన పెట్టి, తెలుపుకని విడిగా ఉంచిన పొడి తీసింది. మామూలుగా వేసేదానికి రెండింతలు వేసింది. ఒంటిగంటన్నరకు నలభై ఆరూ ఇస్త్రీతో సహా తిరిగొచ్చాయి.

భద్రతాధికారి ఆవరణలోకి దిగే మెట్ల కింద చీకటిలో నిలబడి మొదటి ఏప్రాన్ మీద టార్చి వేశాడు. పొద్దున్నకన్నా ఎక్కువ వెలిగింది. రెండోది ఇంకా ఎక్కువ. అతను లైటమ్మను పిలిపించాడు.

"పెరిగాయి మేడమ్."

"ఏం పెరిగాయి?"

"మీ రేణువులు. రెండుసార్లు ఉతికితే రెండింతలయ్యాయి. పిల్లల్ని పెట్టాయి."

"ఇసుకా ప్లాస్టిక్కూ పిల్లల్ని పెట్టవండీ!"

"పొద్దున ముప్పైవేల కోట్లన్నారు. ఇప్పుడెన్నున్నాయో చెప్పగలరా?"

"చెప్పలేను."

"మరి?" అన్నాడతను, గెలిచినవాడిలా. గోడకున్న ప్రమాద గంట ఎర్ర మీట నొక్కాడు.

రెండింటికి మూడంతస్తుల వాళ్లూ ఆవరణలో నిలబడ్డారు. భద్రతాధికారి చుట్టూ తాడు కట్టించాడు. లాండ్రీకి ఫోన్ చేసి, మీ దుకాణం కలుషితమైంది, తలుపులు మూసి లోపలే ఉండండి అని చెప్పాడు. అవతల ఫోన్ ఠపీమని పెట్టేసిన చప్పుడు పక్కవాళ్లకు కూడా వినిపించింది.

శాఖాధిపతి లైటమ్మను సైకిళ్ల షెడ్డు దగ్గరికి పిలిచారు. ఎడం చేతిలో టైపు చేసిన కాగితం ఉంది. కుడి చెయ్యి ఇంకా జేబులోనే ఉంది.

"చూడమ్మా, నీ మేలు కోరే చెబుతున్నా. దీని మీద సంతకం పెట్టు. మూడింటి కమిటీని నేను రద్దు చేయిస్తాను. ఈ గొడవ ఇక్కడితో పోతుంది."

లైటమ్మ చదివింది. తన రేణువులు అదుపు లేకుండా వ్యాపిస్తాయనీ, ఎంత ఉతికినా పోవనీ, అందువల్ల పని విరమించుకుంటున్నాననీ, క్షమించమనీ ఉంది.

"ఉతికినా పోవనా?"

"చూస్తున్నావుగా."

"సార్, కడిగితే పోతుందని పోయిన నెల మీరే రాశారు. ఆ మాట మీద నా పని ఆపమన్నారు. ఇప్పుడు కడిగినా పోదని నన్ను రాయమంటున్నారు. ఈ మాట మీదా నా పనే ఆపమంటున్నారు. రెండిట్లో ఏదో ఒకటి ఎంచుకోండి. ఎంచుకున్నాక సంతకం సంగతి ఆలోచిస్తా."

"ఎవరితో మాట్లాడుతున్నావో తెలుస్తోందా?"

"తెలుస్తోంది సార్. అందుకే నిదానంగా మాట్లాడుతున్నా."

ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి టార్చి ఉండే జేబులో పెట్టుకుంది. ఆయన చెయ్యి చాపారు, ఎడమది. ఆమె ఇవ్వలేదు.

అప్పుడే గేటు దగ్గర బట్టల బండి ఆగింది. అత్తగారు దిగింది. ఒక చేతిలో సబ్బుపొడి డబ్బా, ఒక చేతిలో బ్రష్షు. తాడు ఎత్తి, కిందనుంచి దూరి లోపలికి వచ్చేసింది.

"ఎవరయ్యా నా దుకాణం మూసెయ్యమన్నది?"

"నేనేనమ్మా. మీరు లోపలికి రాకూడదు. మీరు ఉతికిన బట్టల్లో..."

"నేను ఉతికిన బట్టల్లో ఏముంది?"

"వెలుగు."

"ఉతికితే వెలగవా? వెలగడానికేగా నా దగ్గరికి పంపేది!" అత్తగారు అతని చేతిలోంచి టార్చి లాక్కుంది. డబ్బా మూత తీసి, మెట్ల కింద చీకట్లో పెట్టి, పొడి మీద టార్చి వేసింది. పొడి నీలంగా వెలిగింది. అతను గుడ్లప్పగించి చూశాడు. "మరి నా చొక్కా, నా పళ్లూ వెలిగాయే?" అన్నాడు.

"ఇది తెలుపు పొడి. పసుపుదనం కనబడకుండా నీలం వెలుగిస్తుంది. ప్రపంచంలో తెల్లబట్ట ఉతికే ప్రతివాళ్లూ వేస్తారు. నువ్వు రెండుసార్లన్నావు, నేను రెండింతలేశాను. నీ చొక్కాలో ఉన్నదీ ఇదే. పళ్లంటావా, అవి నీవే. వాటి సంగతి నాకు తెలియదు."

ఆవరణలో నవ్వులు మొదలయ్యాయి. భద్రతాధికారి తాడు విప్పడం మొదలుపెట్టాడు. శాఖాధిపతి ముఖం తేలికపడింది.

"మంచిది. ప్రమాదం లేదన్నమాట," అన్నారు. "అందరూ లోపలికి పదండి. వెలుగంతా సబ్బుదే. రేణువులు ఎక్కడా లేవు. ఉంటే ఈ ఉతుక్కు పోయేవే. నేను రాసింది అదే."

ఆ మాటకు లైటమ్మ ముఖం మాడింది. అత్తగారు కోడలి వైపు చూసింది. ముప్పై ఏళ్ల అలవాటు కొద్దీ, ఇస్త్రీ మడతల్లోంచి ఒక్కో ఏప్రాన్ తీసి, మెట్ల కింద టార్చి వేస్తూ, జేబులు తిరగేసి చూడటం మొదలుపెట్టింది. జేబులు చూడకుండా బట్టలు అప్పగించడం ఆమెకు చేతకాదు. ఒకటీ, రెండూ, పదీ. అన్నీ నీలం. పదిహేనో పదహారో అయ్యాక ఆమె చెయ్యి ఆగింది.

"అమ్మాయ్, ఇట్రా."

కుడి జేబు లోపల మూడు వేళ్ల మేర నారింజ రంగు వెలుగుతోంది.

"ఏంటిది?"

"నాదే," అంది లైటమ్మ.

"నేను ఉతికాక కూడా ఉందా?" అత్తగారి గొంతు మారింది. "వేడినీళ్లలో? రెండుసార్లు?" వంగి దగ్గర్నుంచి చూసింది. గోటితో గీకింది. బ్రష్షు అద్ది రుద్దింది. నారింజ అలాగే ఉంది. అప్పుడు కాలరు తిరగేసింది. ఆమె దుకాణంలో ప్రతి బట్టకూ చెరగని సిరాతో అంకె వేస్తారు. "పదిహేడు," అని చదివింది. పదిహేడు ఎవరిదో చూసుకోవడానికి ఆమెకు పుస్తకం అక్కర్లేదు. మూత పెట్టని పెన్నును ఎడమ జేబులో వేసుకునే ఏప్రాన్ అదొక్కటే. పన్నెండేళ్లుగా ఆ సిరా మరక తీస్తున్నది ఆమే.

ఆమె లేచి శాఖాధిపతి ముందుకు వెళ్లింది. "అయ్యా, ఆ చెయ్యి ఒకసారి బయటికి తియ్యండి."

"ఏ చెయ్యి?"

"నేనొచ్చినప్పట్నుంచి జేబులో దాచిపెట్టింది."

ఆవరణలో అందరూ చూస్తున్నారు. గేటు పక్క బెంచీ మీద ఒకావిడ సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. ఎప్పుడొచ్చిందో ఎవరూ గమనించలేదు. బయటి పరీక్షకురాలు ఆమే. చెప్పిన టైముకంటే ముందే రావడం ఆమె అలవాటు. ఆమె కూడా చూస్తోంది. శాఖాధిపతి ఆమెను చూశారు. చెయ్యి బయటికి వచ్చింది.

అత్తగారు ఆయన్ను మెట్ల కిందికి నడిపించి టార్చి వేసింది. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు నారింజగా వెలిగాయి. చర్మం మీద గీతలు కూడా విడివిడిగా కనిపించాయి.

పరీక్షకురాలు లేచి వచ్చింది. పుస్తకం, పెన్సిలు తీసింది.

"ఎప్పుడు ముట్టుకున్నారు?"

"ఎనిమిదిన్నరకు," అన్నారు శాఖాధిపతి. "కమిటీకి ముందు నేనే పరీక్షించి చూద్దామని... అది నా బాధ్యత."

"బాధ్యతే. రెండు సీసాలూ ముట్టుకున్నారా?"

"కుడి చెయ్యి ఒకటో దానిలో. ఎడమ చెయ్యి రెండో దానిలో."

"ఏ సీసాలో ఏముందో మీకు తెలుసా?"

"తెలియదు."

"చాలా మంచిది. ఎడమ చెయ్యి?"

"ఒక్కసారి కడిగితే పోయింది."

"కుడిది ఎన్నిసార్లు కడిగారు?"

ఆయన నేల చూశారు. "ఏడుసార్లు. ఒకసారి స్పిరిటుతో."

"పక్కకు జరగండి మేడమ్," అంది అత్తగారు. "ఆయనకు కడగడం వచ్చా రాదా, ముందది తేలాలి."

ఆవరణలో కుళాయి ఉంది. అత్తగారు ఆయన చెయ్యి పట్టుకుని కుళాయి కింద పెట్టి, పొడి చల్లి, బ్రష్షుతో రుద్దింది. ఆయన రెండుసార్లు అబ్బా అన్నారు. ఆమె చెవిన వేసుకోలేదు. పది నిమిషాల తరువాత కుళాయి కట్టేసి, టార్చి వేసింది. చెయ్యంతా నీలం. మూడు వేళ్లు మాత్రం నారింజ.

అత్తగారు కొంగుతో నుదురు తుడుచుకుంది. నలుగురి ముందూ చెప్పింది. "ముప్పై ఏళ్లలో నా చేతిలో పోని మరక ఇదొక్కటే. రాసుకోండి."

పరీక్షకురాలు రాసుకుంది. తరువాత లైటమ్మ వైపు తిరిగింది. "ఒకటో సీసాలో ఏముంది?"

లైటమ్మ తాళంచెవి తీసి ఇచ్చింది. "మీరే వెళ్లి పుస్తకం చూడండి మేడమ్. ఫలితం రాసేదాకా నేను చెప్పకూడదు. ఇప్పుడు రాశారు కదా."

పరీక్షకురాలు భద్రతాధికారిని సాక్షిగా తీసుకుని లోపలికి వెళ్లింది. ఐదు నిమిషాల్లో తిరిగొచ్చింది. "ఒకటి, రేణువులు. రెండు, విడి రంగు," అంది. "తోలు ముక్కలు ఇక అక్కర్లేదు. పని కొనసాగుతుంది." శాఖాధిపతి వైపు తిరిగి, "కమిటీలో ఇద్దరం కదా. మీ అభిప్రాయం?" అని అడిగింది.

ఆయన తన చెయ్యి చూసుకున్నారు. "అభ్యంతరం లేదు," అన్నారు.

"సార్, ఎన్నాళ్లుంటుందని మీరు అడగలేదు," అంది లైటమ్మ. "పై చర్మం రాలేదాకా. రెండు మూడు వారాలు. ప్రమాదమేమీ లేదు. ఈ కాగితం మీదే, ఉంచుకోండి." నాలుగు మడతల కాగితం ఆయన ఎడం చేతిలో పెట్టింది.

ఆమె ఇల్లు చేరేసరికి ఏడున్నరైంది. అత్తగారు ఇస్త్రీ బల్ల దగ్గర ఉంది. కోడల్ని చూసి పెట్టె పక్కన పెట్టింది.

"నడుమెలా ఉందత్తయ్యా?"

"బాగానే ఉంది," అంది అత్తగారు. "ఆ మూడు చుక్కల్లో ఇంకేమైనా మిగిలిందా? ఒకటి నాకు కావాలి. పోకుండా ఎందుకుంటుందో చూస్తా," అంది.

మర్నాడు తొమ్మిదింబావుకు భద్రతాధికారి పుస్తకం తెరిచాడు. 'ఎవరు ఒలికించారు' అన్న గడిలో 'తెలియదు' అన్నమాట కొట్టేసి ఉంది. దాని పైన, ఎడం చేత్తో రాసినట్టున్న వంకర అక్షరాల్లో, 'శాఖాధిపతి' అని ఉంది. 'శుభ్రం చేశారా' అన్న గడిలో అదే చేత్తో 'ఇంకా లేదు' అని చేర్చి ఉంది.